ఆగినప్పుడే చూడాల

కత్తిరి ఎండలు మొదలైన మూడో రోజు
మూలకడై వంతెన ఎక్కుతూ ఎక్కుతూ
బండి నోరు మూసుకుంది.
దగ్గలేదు, వణకలేదు.
రేడియోలో వార్తల మధ్య కరెంటు పోయినట్టు, అంతే.

తాళం తిప్పితే సెల్ఫు తిరుగుతుంది,
కర్ర్ కర్ర్ మని, ఆరోగ్యంగా.
ఇంజినే అందుకోదు.
వెనక రెడ్‌హిల్స్ బస్సు హారన్‌లో
నా ఏడు తరాలవాళ్ళూ ఉన్నారు.

నలభై నిమిషాలయ్యాక
ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

ఆ నలభై నిమిషాల కోసం ఇప్పటికి
బ్యాటరీ, నాలుగు ప్లగ్గులు, కొత్త పెట్రోలు పంపు,
అంబత్తూరు పెద్ద షెడ్డువాళ్ళు కడిగిచ్చిన టాంకు,
అన్నీ కలిపి పద్దెనిమిది వేల చిల్లర.
అందరూ నడిచే బండినే చూశారు.
నడిచే బండిలో జబ్బు ఎవరికి దొరుకుతుంది?

పెరంబూరులో రైలు కార్ఖానా గోడ పక్కన
ఏకాంబరం షెడ్డు.
షెడ్డంటే రెండు రేకులు, మిగతాది కానుగచెట్టు నీడ.
ఆయన బానెట్ ఎత్తలేదు.
కుర్రాడు కోడ్లు చదివే డబ్బా పట్టుకొస్తే
"అందులో ఏమీ రాదు లేరా, పో" అన్నాడు.
నా పక్క సీట్లో కూర్చున్నాడు,
ఒళ్ళో ఒక పాత ప్లగ్గు, ఒక నీళ్ళ సీసా.
"పోనియమ్మా. ఆగేదాకా పోనియ్.
ఆగినప్పుడే చూడాల."

మాధవరం రౌండానా మూడుసార్లు తిరిగాం.
ఏసీ కట్టేయమన్నాడు. అద్దాలు దించమన్నాడు.
వాళ్ళ తాత మిల్లు పనికి గూడూరు నుంచి వచ్చాడట.
ఇంట్లో మాట తెలుగు, బడి అరవం.
జన్మలో మొదటిసారి
బండి ఆగాలని మొక్కుకుంటున్నాను నేను.
అదేమో పరిగెత్తుతోంది,
డాక్టరు గుమ్మం తొక్కగానే
మాయమైపోయే పంటినొప్పిలాగా.

నాలుగో చుట్టులో, పాల డెయిరీ గేటు ముందు, పోయింది.

"కదలొద్దు. తాళం సగమే తిప్పు. విను."
వెనక సీటు కింద రెండు సెకన్లు
తుమ్మెద మూలిగింది.
"పంపు బాగుండాది. ముందుదీ బాగుండే ఉంటాది.
నీ దుడ్డు దండగ."
"ఇప్పుడు పూర్తిగా తిప్పు. ఆర్పీయం ముల్లు చూడు."
ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది,
ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.
"తిరగతా ఉంది గదా. మరి ముల్లెందుకు లేవలా?
తిరగతా ఉన్నట్టు చెప్పేవాడు చచ్చినాడు."

అప్పుడెత్తాడు బానెట్.
వైరు కొసన ప్లగ్గు గుచ్చి, ఇనుముకు ఆనించి,
ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు.
నిప్పు లేదు.
సీసాలోంచి తనొక గుటక తాగి
మిగతా నీళ్ళు మెల్లిగా, పసిబిడ్డకు తల పోసినట్టు,
ఇంజిన్ కిందుగా ఒకేచోట పోశాడు.
ఆవిరి. మళ్ళీ ఆవిరి.
"ఊఁ."
ముల్లు ఉలిక్కిపడింది. బండి లేచింది.

నేను నవ్వేశాను.
ఆయన ఖాళీ సీసాలోకి చూసి
"ఇంకోటి కొనాల" అన్నాడు.

బొటనవేలంత ఉంది, మార్చేసిన సెన్సారు.
నల్లటి ఒంటి మీద వెంట్రుకంత పగులు.
"కాగితే తెరుచుకుంటాది, చల్లారితే మూసుకుంటాది.
చల్లగా ఉన్నప్పుడు చూసినోళ్ళకి కనబడదు."
ఎవరెవరో గుర్తొచ్చారు నాకు.
చెప్పబోయి, ఆయన చేతులు కిరోసిన్‌లో కడుక్కుంటుంటే
ఊరుకున్నాను.

తొమ్మిది వందల యాభై.
చింపిన క్యాలెండర్ కాగితం వెనక బిల్లు,
కింద ఒక్క తెలుగు ముక్క, అరవ అక్షరాల్లో.
గ లేదు, బ లేదు, ద లేదు వాటిలో:
"పణ్టి ఇక ఆకతు."

వంతెన ముందు ఎర్రదీపం దగ్గర
కాగితం స్టీరింగు మీద పెట్టుకుని
ఎక్కడెక్కడ గొంతు కలపాలో వెతుక్కుంటూ
పైకే చదివాను.
మూడోసారికి అందుకుంది.