దాగు

రాత్రంత కురిసి ఎలిసినంక
ఎండ ఇంకా పలచగున్నప్పుడే పోవాలె.
ఎండ ముదిరితె అన్ని రాళ్లూ మెరుస్తయి,
ఏది అబద్ధమో తెల్వది.

మా నాయిన ఓర్సు ఎల్లస్వామి తవ్విన బాయి
రేగొండ తొవ్వల, రాజపోశం చెల్కల.
ఎనిమిది గజాలు దిగినంక పలుగురాయి తగిలింది,
తెల్లగ, అడ్డంగ, గోడ లెక్క.
పలుగు మీద పలుగు పడితె
రవ్వలు లేసేటియట, మాడు వాసనతోని.
తూటాలు పెట్టిండ్రు. ఇంకో రెండు గజాలు.
నీళ్లు పడలే.
కూలి సగమే ముట్టింది,
అదీ పెసర్ల లెక్కల.
తోడిపోసిన కుప్ప మాత్రం అట్లనే ఉన్నది
ముప్పై ఏండ్లసంది, మీద తుమ్మలు మొలిసి.

ఆ కుప్ప మీద ఇప్పుడు నేను వంగి నడుస్త.
చేతిల ఖుర్పి, నడుముకు యూరియా సంచి.
ఎర్రమన్ను గడ్డల
వాన కడిగిన దిక్కు ఒక్క మూల నున్నగ కనపడితె చాలు,
కూలబడి తవ్వుడే.
ఆరు పక్కలు. ఏలితోని లెక్కపెడ్త.
మా ఇంట్ల ఏడుతరాలు రాళ్లు చెక్కినోళ్లే,
ఇసొంటి మూల ఎవ్వరి ఉలికీ రాలే.

నాలుకతోని తడుపుత. నవ్వకుండ్రి.
ఉమ్మి తడికి రాయి కిటికీ తెరుస్తది.
మన్ను రుచి, ఇనుము రుచి,
ఆ ఎనుక ఏ రుచీ లేని సల్లదనం.
లోపల
పచ్చగ.

పాచి అనుకున్న మొదట. గోటితోని గీకిన.
చింతపండు పులుసుల మూడొద్దులు నానేసిన,
పాత బ్రష్షు పెట్టి తోమిన.
ఎర్రమరక పోయింది, ఇత్తడి చెంబు లెక్క తేరింది.
పచ్చ పోలే.
లోపలిది గద.

మట్టెవాడల నయీముద్దీన్ సాబు
ఉంగరాలల్ల రాళ్లు పొదుగుతడు.
కంటికి బుడ్డి అద్దం ఇరికించుకొని
తెల్లటియి ఒక దిక్కు, పచ్చటియి ఒక దిక్కు,
బియ్యంల వడ్లు ఏరినట్టు ఏరిండు.
"ఇవి దాగు అమ్మా. సాఫ్‌గున్నయి తే."
తెల్లదానికి నలభై రూపాయలు.
దాగుదానికి చాయ్.

దాగంటె ఆయన మాటల మరక.
మా మాటల, ఎవ్వరికీ కనపడకుంట ఉండుడు.
పరకాల బస్సుల కిటికీ కాడ కూసున్నంక
ఆ ఒక్క ముక్క
నోట్లె అటూ ఇటూ పొర్లింది, చాన సేపు.

మొన్న ఎండల్ల సర్వే జీపొకటి ఆగింది.
సన్నటి పోరడు, ముక్కు మీద తోలు లేసి,
నా సంచి సూసి మన్నులనే చతికిలబడ్డడు.
పేరు చెప్పిండు: క్లోరైట్.
నల్లా నీళ్లల్ల ఏసే మందనుకున్న. కాదట.
"రాయి పెరుగుతుండె, నడుమ ఆగింది.
ఆగినప్పుడు దాని భుజాల మీద పచ్చదుమ్ము పడ్డది.
మల్ల పెరిగింది, దుమ్మును లోపలేసుకొని."
అద్దం నా చేతికిచ్చిండు.
రాయి నడుమ ఇంకో రాయి, సన్నది,
పచ్చటి కొన,
వాన తెల్లారి దూరంగ అగుపడే గుట్ట లెక్క.
"ఎంత కాలం ఆగింది బిడ్డా?"
తెల్వదన్నడు.
అంత చదివినోడు తెల్వదంటె
ఎందుకో మంచిగనిపించింది.

ఇయ్యాల రాజపోశం వచ్చిండు కుప్ప కాడికి,
కట్టె పొడుసుకుంట, దగ్గుకుంట.
"ఏం ఏరుతున్నవే?"
ఒకటి తడిపి చేతిల పెట్టిన.
ఒక కన్ను మూసి సూర్యుని దిక్కు పట్టిండు.
చెయ్యి వణికితె లోపలి గుట్ట గూడ వణికింది.
"నా బాయిలదేనా?"
"నీ బాయిలదే."
"పచ్చగున్నదే," అన్నడు,
నాట్లేసిన మడి ఒడ్డున నిలబడ్డోని లెక్క.
"ఎంతకిస్తవు?"
"దానికి ఇలువ లేదు, దాగున్నది."

బనీను జేబుల ఏసుకున్నడు.
సగం కూలి యాదికొచ్చిందో రాలేదో.
నేను అడగలే.
తుమ్మల నడుమకెళ్లి పోతుంటె
ఒక చెయ్యి కట్టె మీద, ఒక చెయ్యి జేబు మీద.

ఇంటికొచ్చి సంచి బోర్లించి దులిపిన.
అంత ఎర్రదుమ్మే.