వేలిముద్ర

కాశీబుగ్గలో మా నర్సింగ్‌ హోమ్‌కి
రెండంతస్తులు, ఒక లిఫ్టు, గేటు పక్కన ఏటీఎం.
బిల్లు కౌంటర్‌ అద్దానికి అరచేయంత కంత.
రాత్రి డ్యూటీలో
మనుషులు నాకు చేతులుగానే వస్తారు.

ముందు ఢిల్లేసు చెయ్యి వచ్చింది,
చెమటకి మెత్తబడిన కార్డుతో.
'ఫ్యాక్టరీవోలిచ్చిన ఇన్సూరెన్సమ్మా,
నెలనెలా జీతంలో కోత్తన్నారు.'
రేట్లు చెప్పాను:
మామూలు కాన్పు ముప్పై ఎనిమిది వేలు,
కోస్తే డెబ్బై రెండు.
మత్తు డాక్టరు వేరు, పిల్లల డాక్టరు వేరు,
గది అద్దె వేరు, చేతి తొడుగులు వేరు.
'అన్నీ యేరైతే పేకేజీలో ఉన్నదేటమ్మా?'
వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

కార్డు తెరుచుకోవాలంటే ముద్ర పడాలి.
మిషను పట్టుకుని లేబర్‌ రూముకి నేనే వెళ్లాను.
హేమసుందరి
నొప్పికీ నొప్పికీ మధ్య
చెయ్యి చాపింది.
కుడి బొటనవేలు, ఎర్రలైటు.
చూపుడు వేలు, ఎర్రలైటు.
మధ్య వేలు.
పదకొండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
తొక్కలో నూనె ముందు చర్మాన్ని కాలుస్తుంది,
తర్వాత తీరుబడిగా గీతల్ని తింటుంది.
నాకు తెలుసు.
రేషన్‌ డిపోలో మా అమ్మ
వేలు పెట్టి, తీసి, చెంగుకి తుడిచి
'ఇంకోపాలి బావూ' అనడం
చిన్నప్పుడంతా విన్నాను.

స్పిరిట్‌తో తుడిచాను.
ఆవిడే వేలిని పాపిట్లో రాసుకుంది
కాస్త నూనె అంటుతుందని.
నొప్పి మళ్లీ వచ్చి
మిషన్నే పిడికిట్లో బిగించింది.
చివరికి ఎడమచేతి చిటికెన వేలు,
పిక్క తాకని ఒకే ఒక్క వేలు.
పచ్చలైటు.
నర్సుతో కలిపి ముగ్గురం నవ్వాం
పరీక్ష పాసైనట్టు.

తెర తెరుచుకుంది.
పాలసీకి తొమ్మిది నెలలు నిండితేగాని
కాన్పు ఖర్చు రాదట.
పదకొండు రోజులు తక్కువ.
కడుపులో బిడ్డకి పదహారు రోజులు తక్కువ.
ఇద్దరూ నెలలు నిండనివాళ్లే.
ఒకరి కోసం ఒకరు ఆగలేదు.

'ఆగమంటే ఆగుతాదేటి?' అంది అత్త దాలమ్మ.
'కంపినీవోలికి ఫోన్‌ సెయ్యమ్మా,
ఆలిళ్లల్లో ఆడోలు కన్నేదేటి?'
ఫోన్లో సంగీతం వచ్చింది.
ఒకటి నొక్కమంది. రెండు నొక్కమంది.
మూడు నొక్కేలోపు లోపల్నుంచి కేక:
'థియేటర్‌కి రాయండి.'

ఢిల్లేసు ఎక్కడికెళ్లాడో అడగలేదు.
రెండింటికి వచ్చాడు అరవై వేలతో.
ఫ్యాక్టరీ యజమాని నిద్ర లేచి మరీ ఇచ్చాడట.
అడ్వాన్సు.
హేమసుందరి రాబోయే రెండేళ్ల పిక్కలు.
సంచిలోంచి ఖాతాపుస్తకం తీశాడు,
సిరాపెట్టెతో సహా.
మత్తు దిగని బొటనవేలు ఆయనే పట్టి అద్దాడు.
ఆ పుస్తకానికి గీతలక్కర్లేదు,
మచ్చ పడితే చాలు.

తెల్లారే బండి పలాసలో కూసేసరికి
ఆడపిల్ల రెండు కిలోల నూట యాభైకి తూగింది.
రికార్డు కోసం పాదానికి సిరా రాసి
కాగితం మీద ఒత్తింది నర్సు.
కాగితం నా దగ్గరికొచ్చే దారిలో
తల్లి ఆపింది.
'గీతలున్నాయేటి?'
ట్యూబులైటు కింద పెట్టి చూశాను.
మడిలో గాలి తిరిగినప్పటి నీళ్లలా
సన్నగా, ఒకదాని వెనక ఒకటి.
ఆవగింజలంత కాలివేళ్లలో కూడా.
'ఉన్నాయి,' అన్నాను. 'అన్నీ ఉన్నాయి.'
ఆవిడ తన చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది.

బిల్లు కొట్టాను, ముప్పై ఒక్క వరస.
పాదముద్ర ఛార్జీ నూట ఎనభై
ఆ ఒక్కటీ కొట్టలేదు.
నెలాఖరుకి నా జీతంలో పట్టుకుంటారు.
డెబ్బై రెండు వేల ముందు
నూట ఎనభై ఏ మూలకని మీరడగొచ్చు.
నేనూ అదే అడుగుతున్నాను.