చీమలు కట్టని పుట్ట

ట్రోమ్సోలో సూర్యుడు కనబడక పదకొండు రోజులు.
ఆస్లౌగ్ చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి
బూట్ల మంచైనా దులపకుండా
గాజుపెట్టె ముందు చతికిలబడింది.

ఒక కొసన ముప్పై డిగ్రీల మధ్యాహ్నం,
రెండో కొసన చల్లటి నీడ.
"ఏది కావాలో అదే తేల్చుకుంటుందిలే."
కొబ్బరిపొట్టు నేను పరిచాను, బెత్తెడు మందాన,
కొబ్బరిచెట్టు ఎరగని ఊళ్ళో.
చెవి విరిగిన కాఫీకప్పు బోర్లించి
అంచు కాస్త చెక్కితే, గుమ్మం.
చీమలు కట్టని పుట్ట.

మూతకు రెండు గొళ్ళేలు. మూడోది నేనడిగి పెట్టించాను.
నాకు పామంటే భయమని
పెళ్ళై ఆరేళ్ళయినా చెప్పలేదు.

సంచి విప్పగానే
నారింజరంగు దారం సూదిలోకి పోయినట్టు
కప్పులోకి పోయింది.
వారం దాకా ముట్టుకోకూడదట.
ముట్టుకునేదెవరు!

నాలుగో రోజు ఉదయం
(ఉదయమని గడియారమే చెప్పాలి)
మంచినీళ్ళకని లేచాను.
దీపం కింద అది పొడుగ్గా, ఒళ్ళు మరిచి.
నాలుక ఒకసారి ఆడించింది,
నన్ను చూసో, చూడకో.

ఎప్పుడు పెట్టానో,
గాజు మీద నా అరచెయ్యి.
కాళ్ళు గడ్డకడుతున్నాయి.
చేతికి మాత్రం ఎండ.