చుక్క పెడితే సగం ఎక్కువ

పీకు దీవిలో బస్సు నడుపుతాను.
ఇరవై ఆరేళ్లుగా ఒకటే రోడ్డు,
ఒక పక్క సముద్రం
ఇంకో పక్క నల్లరాతి గోడల చాటున ద్రాక్ష తీగలు.
మంగళవారం సాయంత్రం మాత్రం
బస్సు చర్చి వెనక నిలిపి
బ్యాండు గదిలో పిల్లల బెంచీ మీద కూచుంటాను,
మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే.

నేర్పేది ఒడెట్. పంతొమ్మిదేళ్లు.
స్కూలు రోజుల్లో టికెట్ లేకుండా ఎక్కి
వెనక సీటు కింద నక్కేది, చూసీ చూడనట్టు పోనిచ్చేవాణ్ని.
ఇప్పుడు బోర్డు మీద అయిదు గీతలు గీసి
"అమాన్సియు గారూ, లేచి చదవండి" అంటుంది.
లేస్తాను.
ఎవరి బాకీ ఎవరు తీరుస్తున్నామో.

అయిదు గీతలు, నాలుగు సందులు.
మొదటి నెలంతా అవి నాకు
రాత్రి ట్రిప్పులో అద్దానికి అంటుకున్న పురుగులే.
ముందు తాళంచెవి చూడాలట.
అది పెట్టకపోతే గీతలన్నీ మూసిన తలుపులు.
నా బొంబార్డినోకి ఇచ్చిన చెవికి రెండు చుక్కలున్నాయి,
వాటి మధ్య దొరికిపోయిన గీత పేరు ఫా.
ఇక తక్కినవన్నీ ఫాకి ఎంత దూరమో
వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.
అది నాకొచ్చు.
ఫా నుంచి కిందికి మూడో స్టాపు దో.

తెల్ల గుండుకి నాలుగు దెబ్బల ఆయుష్షు.
కాడ మొలిస్తే రెండు.
నల్లబడితే ఒకటి.
తోక తగిలిస్తే అందులో సగం, రెండో తోకకి ఆ సగంలో సగం.
ఏదో ఒకటి వచ్చి చేరినకొద్దీ బతుకు తరుగుతుంది,
మనుషులకీ అంతేగా అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
పదేళ్ల వాళ్లు, అరచెయ్యి తొడ మీద కొడుతూ
లెక్కలో ఉన్నారు.

చుక్క ఒక్కటే దయగలది.
స్వరం పక్కన చేరిందా,
ఉన్నదానికి సగం ఎక్కువ.

ఊరుకోవడాన్ని కూడా రాస్తారని తెలీదు నాకు.
దానికీ గుర్తుంది, దానికీ కొలతుంది.
మా ఇంట్లో భోజనాల దగ్గర
ఎన్ని కాగితాలు నిండి ఉండేవో!

ఆగస్టు ఊరేగింపులో నన్నూ నిలబెట్టారు,
ఆఖరి వరస, మూడో బొంబార్డినో.
కాగితం జెర్వాజియు చేతిరాత,
చనిపోయి చాలా కాలమైంది,
నూనె దీపం కింద కూచుని బ్యాండంతటికీ రాసిపెట్టేవాడట.
పన్నెండు గడులు ఖాళీ, తర్వాత నాలుగు స్వరాలు,
మళ్లీ తొమ్మిది ఖాళీ.
పెదాలు కదుపుతూ లెక్కపెట్టాను, జపం చేసేవాడిలా.
చేపల బజారు మలుపులో
నా సోల్ పక్కన చుక్క కనబడింది.
చుక్క అంటే చుక్కే.
ఊపిరి దాచుకుని సగం ఎక్కువ పట్టాను.
అందరూ ముందుకెళ్లిపోయారు,
నా స్వరం ఒక్కటీ వీధి మధ్యలో
రివర్సు గేరు పడని బండిలా నిలబడిపోయింది.
మేరీమాతని మోస్తున్న నలుగురిలో ఒకడు అడుగు తప్పాడు.
క్లారినెట్ నోట్లోంచి తియ్యకుండానే
ఒడెట్ వెనక్కి చూసింది.

రాత్రి, కాగితం లైటు కిందకి తీసుకెళ్లి
గోటితో గీకింది.
చుక్క ఊడొచ్చింది.
"ఈగ" అంది.
అప్పుడు నవ్వారు పిల్లలు, బెంచీ కిర్రుమనేదాకా.

నేనూ నవ్వాను గానీ
నడిచి ఇంటికొస్తుంటే ఛాతీలో ఏదో ఉబ్బింది.
కిరాణా కొట్టు చీటీ తప్ప
ఏదీ కుదురుగా చదవని వాణ్ని
యాభై మూడో ఏట
ఈగ రాసింది కూడా చదివేశాను.

రేపు ఆరున్నరకి మొదటి ట్రిప్పు.
అద్దం తుడవాలి.