రెండు నలభై

కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లు కాగితాలు పంచారు.
వైద్యవృత్తిలో నాయకత్వం: మీ అభిప్రాయం.
యాభై మాటలు దాటకూడదట.
కింద రెండు గడులు.
మిమ్మల్ని మీరు నాయకులనుకుంటున్నారా?
అవును, కాదు. టిక్కు పెట్టాలి.

మెస్సులో పప్పుచారు చల్లారుతుంటే
అందరం నాయకుణ్ణి వెతికాం.
ప్రణీత్ అన్నాడు, పానకాలరావు సారే, ఇంకెవరు?
రౌండ్స్‌కి వస్తుంటే చూడండి,
వెనక పదకొండు తెల్లకోట్లు,
ఆయన ఆగితే ఆగుతాయి,
దగ్గితే అదీ రాసుకుంటాయి.
హుమేరా ఒప్పుకోలేదు.
స్టైపెండ్ రాని మూడు నెలలూ
గేటు ముందు ఎండలో గొంతు చించుకున్న సీనియర్ని చెప్పింది.
ఇప్పుడు కొత్తపేటలో ఆయన నర్సింగ్ హోమ్‌లో
డ్యూటీ డాక్టర్లకి ఎంతిస్తున్నాడో
అది మాత్రం అడక్కండి అంది.
మజ్జిగ పోసుకుంటూ ఎవరో,
నాయకుడంటే పార్కింగులో నీడ దొరికినవాడు అన్నారు.
నవ్వాం.
కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని
నైట్ డ్యూటీకి వెళ్లాను.

పదకొండున్నరకి బాజీబాబుని తెచ్చారు.
పెదనందిపాడు అవతల, కౌలు చేను,
మిరపకి మందు కొడుతుంటే గాలి తిరిగింది.
చొక్కా నిండా కుళ్లిన వెల్లుల్లి వాసన,
ఆవగింజలంత కంటిపాపలు,
పెదాల మీద నురగ.
తమ్ముడి చేతిలో ఖాళీ మందు డబ్బా.
ఏ మందో చూడాలి, తెమ్మని
ఊళ్లో ఆరెంపీ చెప్పాడట.
చూశాం. తర్వాత కూడా అతను దాన్ని కింద పెట్టలేదు.

తబస్సుమ్ మేడమ్, సెకండియర్ పీజీ,
చొక్కా కత్తిరించింది,
ఏసుదానంతో ఒళ్లంతా కడిగించింది,
అట్రోపిన్ మీద అట్రోపిన్,
ఛాతీలో గురగుర ఆగేదాకా.
పై వార్డు నుంచి ఫోనొస్తే
మెట్లెక్కుతూ నాతో అంది,
రెండు ఇరవైకి మళ్లీ విను. తడిగా ఉంటే ఇచ్చెయ్.

స్టూలు మీద కూర్చున్నాను.
కూర్చోవడం వరకే గుర్తు.

దయామణి సిస్టర్ భుజం కుదిపేసరికి
గోడమీద రెండు నలభై.
అతని రొమ్ములో ఎవరో హుక్కా పీలుస్తున్నారు.
నా చేతిలో ఆంప్యూల్ మూడోసారికి గానీ విరగలేదు.

బతికాడు.
అందులో నా గొప్పేమీ లేదు.

పొద్దున రౌండ్స్‌లో సారు ఛార్టు చూశారు,
సిస్టర్ల రిజిస్టరు చూశారు.
ఇక్కడ రెండు ఇరవై, అక్కడ రెండు నలభై.
ఏది నిజం?
పదకొండు కోట్లు.
పైన ఫ్యాను కిర్రుకిర్రు.
అట్రోపిన్ నాకే ఎక్కించినట్టు
నాలుక ఎండి అంగిలికి అతుక్కుంది.

"రెండు నలభై సార్," అంది మేడమ్.
"రాత్రి నాది. మళ్లీ వచ్చి చూడాల్సింది, చూడలేదు."

తిడతాడనుకున్నాం.
కళ్లజోడు తీసి, మంచం అంచున కూర్చుని,
బాజీబాబు మణికట్టు పట్టుకున్నాడాయన.
నిమిషం నిండా తనే లెక్కపెట్టాడు.
వెనకున్నవాళ్లకి ఏం రాసుకోవాలో తోచలేదు.

వరండాలో మేడమ్ వెనక పరిగెత్తాను.
మేడమ్, అది...
తెలుసు.
ఛార్టులో రెండు ఇరవై అని రాసింది...
అదీ తెలుసు.
ముందు టీ తాగు.
తర్వాత కొట్టేసి సరైన టైమ్ రాయి.
కొట్టేసింది కనిపించేట్టు కొట్టెయ్యి,
పక్కన సంతకం పెట్టు.

టీ సగం తాగి వచ్చి కొట్టేశాను.
ఒక్క గీత. కింద అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి.
సంతకం పెట్టడానికి పెన్ను తీస్తుంటే
ఆ కాగితం కూడా జేబులోంచి వచ్చింది,
చెమటకి మెత్తబడి.
గడులు రెండూ ఖాళీ.
మళ్లీ లోపల పెట్టేశాను.

తమ్ముడు గోడకి ఆనుకుని అక్కడే ఉన్నాడు,
రాత్రంతా నిలబడ్డ కాళ్లతో.
డాక్టరమ్మా, అన్నాడు,
డబ్బా కొంచెం ముందుకు చాపి,
ఇది ఇంక పారెయ్యొచ్చా?
ఎవరూ చెప్పలేదు.

ఇటివ్వు, అన్నాను.