యాభై ఎనిమిది పెట్టెలు

పొద్దున ఏడున్నరకు ఒక బిళ్ళ,
ఉగ్గాని తిన్న తర్వాతే.
ముందే వేస్తే ఉగ్గాని గిన్నెలోనే ఆరిపోతుంది.
అది మొదటి వారంలోనే తెలిసింది నాకు.

మాది గుంతకల్లు.
రన్నింగ్ రూంలో వంట చేస్తాను.
బండి దిగి వచ్చే డ్రైవర్లకు, గార్డులకు
అర్ధరాత్రయినా చపాతీ వేడిగానే పెడతాను.
నా కొడుకు దస్తగిరి మాత్రం
మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండా ఇంటికి తెస్తాడు.
"మర్చిపోయినావా?" అంటే
"ఆకలి రాలేదు మా" అంటాడు,
ఆకలి ఏదో ఆలస్యంగా నడిచే ప్యాసింజరైనట్టు.

బిళ్ళకు ముందు ఎట్లుండేవాడో చెప్తా.
రైలుకట్ట పక్క గోడెక్కి
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవాడు.
ఇరవై దాకా వచ్చి, కొంగ ఎగిరిందనో
బొగ్గు మెరిసిందనో లెక్క విడిచిపెట్టి
బండితో పాటు ఉరికేవాడు.
ఆఖరి పెట్టెలో ఎలీషా సారు పచ్చజెండా ఊపితే
రెండు చేతులూ, చేతికందిన ఒక చెప్పూ ఊపేవాడు.
రెండో చెప్పు యాడుందో మూడు రోజులకు దొరికేది.

బడి సంగతి వేరే.
నోటుబుక్కులో ఏ పేజీకీ అడుగు లేదు, అన్నీ సగం లైన్లే.
గాలి సోకింది అన్నారు, తాయెత్తు కట్టినారు.
తల్లి గారాబం అన్నారు, దానికి తాయెత్తు లేదు.
కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
వాడి పక్కన నేలమీద కూర్చొని అడిగింది:
"నీ తలలో ఒకేసారి ఎన్ని బండ్లు పోతాయి నాయనా?"
"సిగ్నల్ లేకుండా అన్నీ."

ఆమె ఏదీ దాచలేదు.
ఆకలి తగ్గచ్చు, నిద్ర పట్టకపోవచ్చు,
గుండె ఉరకచ్చు, రెప్పలు గబగబా కొట్టుకోవచ్చు,
బరువు చూడాల, ఎత్తు చూడాల.
మీ ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినోళ్ళు ఉన్నారా?
మా చిన్నాయన. బావి తవ్వుతా. ముప్పై రెండేండ్లకు.
అందుకే ముందుగా తీగలు తగిలించి గుండె గీత తీసినారు.
ఆ కాగితం బాగానే ఉందన్నారు.
రేషన్ కార్డు సంచిలో దాచినాను.

మొదటి నెలలో ఒక పేజీకి అడుగు వచ్చింది.
ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు.

రాత్రి పదకొండుకు కూడా కండ్లు తెరిచే ఉంటాడు.
యార్డులో ఇప్పుడు ఏ బండి షంటింగ్ అని చీకట్లో అడుగుతాడు.
అరచేయి వాడి రొమ్ము మీద పెడతాను.
నిమిషానికి నూట నాలుగు.
ఒకసారి నూట పద్దెనిమిది.
రాసుకొని పోతే డోసు తగ్గించినారు.
సాయంత్రం బిళ్ళ దిగిపోయే యాలకు మాత్రం
ఏమీ లేనిదానికి ఏడుపు, గ్లాసు విసరడం,
తర్వాత వాడే వచ్చి నేల తుడవడం.

ఎదురింటి ఇంటర్ పిల్లోడు ఒకనాడు
"అక్కా, పరీక్షలుండాయి, రెండు బిళ్ళలియ్యి" అన్నాడు,
ఉప్పు అడిగినంత తేలిగ్గా.
ఆ రాత్రి అన్నీ లెక్కపెట్టి
ట్రంకులో పెట్టి తాళం వేసినాను.
తాళంచెవి పుస్తెలతాడుకే ఉంటుంది.

వాకిలి చెక్క మీద పెన్సిలు గీతలు:
ఉగాదికి ఒకటి, దసరాకు ఒకటి.
మధ్యన నా గోరు పట్టదు.

మొన్న ఎలీషా సారు సంగటి తుంచుకుంటా అడిగినాడు:
"మీవోడు నా మీద అలిగినాడామ్మా?
గోడమీదే ఉంటాడు, చెయ్యెత్తడు."
ఏం చెప్పాలో తెలీక
ఇంకింత ఊరిబిండి వడ్డించినాను.

ఆదివారం బిళ్ళ వద్దు, కొన్నాళ్ళు చూద్దామంది డాక్టరమ్మ.
నేనూ గోడ దగ్గరికి పోయినాను.
ఉరుకుతాడేమో చూద్దామని, నిజం చెప్పాలంటే.
పదిహేడు దాకా వచ్చి లెక్క తప్పినాడు.
నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.
"నిన్న యాభై ఎనిమిదీ వచ్చినాయి" అన్నాడు.
"ఈరోజు ఎందుకియ్యలేదు మా?"

ఆఖరి పెట్టె దాటిపోతాంది.
ఎలీషా సారు జెండా ఊపుతాండాడు.
వాడి బదులు నేనే చెయ్యెత్తినాను.
ఇంకో చెయ్యి వాడి మణికట్టు మీద ఉండాది,
అలవాటుగా, లెక్కపెడతా.