పెన్ను ఆగిన చప్పుడు

బదిలీ మీద హనుమకొండ వచ్చి ఆరు వారాలు.
సగం బట్టలు ఇంకా సంచిలోనే ఉన్నాయి.
మొదటి వారం కిరాణా కొట్లో
మా ధర్మవరం మాటగా శెనక్కాయలు అడిగి
శనగలు తెచ్చుకున్నాను.
పల్లీలు అనాలట.

శుక్రవారం ఆఫీసు నోటీసు బోర్డుకి
ఎవరో గుచ్చిన చిన్న కాగితం:
చూపులేని పిల్లల పరీక్షకు
రాసిపెట్టేవాళ్లు కావాలి, దస్తూరి బాగుంటే చాలు.
దస్తూరి తప్ప ఈ ఊరికి ఇవ్వడానికి
నా దగ్గర అప్పటికి ఇంకేం లేదు.

సుబేదారిలో కాలేజీ. మెట్ల కింద గది.
ఫ్యాను వేస్తే కాగితాలు లేస్తాయి,
ఆపితే మేం ఉడికిపోతాం.
కుర్రాడి పేరు ఓదెలు. పరకాల దగ్గర పల్లె.
ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన.
"మీరు మా దిక్కోళ్లు గాదు గదా మేడం" అన్నాడు,
బాగున్నావా అని నేనడిగిన ఒక్క మాటకే.

నియమం ఒకటే.
అతను చెప్పింది రాయాలి, చెప్పనిది రాయకూడదు.
మరి అతను "గట్ల" అంటే "గట్ల" అనే రాయాలా,
"అలా" అని దిద్దాలా?
గదిలో కాపలా ఉన్న సారుకీ తెలియలేదు.
"గట్లనే రాయిన్రి" అన్నాడు ఓదెలు,
"దిద్దేటాయన గూడ గీడోడే."

పది మార్కుల ప్రశ్న. కాకతీయుల చెరువులు.
పాకాల. రామప్ప. గణపురం.
వేళ్లు ముడుస్తూ పోయి నాలుగో వేలు దగ్గర ఆగాడు.
"ఇంకోటి ఉంటది."

ఆ ఇంకోటి నాకు తెలుసు.
పొద్దున్నే బస్టాండు ఎదుట హోర్డింగు మీద చూశాను,
వేలాడే వంతెన, కింద నీళ్లు,
మనిషంత అక్షరాల్లో పేరు.
నాలుక చివర అది పుల్ల ఐసులా కరుగుతోంది.

"మీ పెన్ను ఆగింది అక్కా" అన్నాడు.
"మీకు ఎర్కే గదా?"

మేడం పోయి అక్క వచ్చింది అక్కడే.

నేను జవాబివ్వలేదు.
ఆగినా చెప్పినట్టే అవుతుందని
చిత్తు కాగితం మీద గీస్తూ కూర్చున్నాను.
సున్నాలు, మెట్లు, మా ఇంటి మేకపిల్ల చెవులు,
ఏ ఆనవాలూ దొరకని ఒకే చప్పుడు, ఒకే వేగం.
గంట కొట్టారు.

గేటు దాటి పది అడుగులు వేశామో లేదో
నెత్తి కొట్టుకున్నాడు.
"లక్నవరం! అయ్యో, మా మ్యానత్తది ఆడనే అక్కా,
ఎండకాలం పోతే గా నీళ్లల్లనే తానాలు!"
రోడ్డు మధ్యలో నిలబడి నవ్వాం. ఆటో ఒకటి తిట్టిపోయింది.
"చెప్పకుండనే మంచిగ జేసిన్రు" అన్నాడు కాసేపటికి.
ఆ మాటలో కొంచెం కోపం ఉంది,
రెండు మార్కులంత.
ఉండాలి కూడా.

చాయ్ డబ్బులు నేనిచ్చాను. ఉస్మానియా బిస్కట్లు అతను.

ఆదివారం గురించి చెప్పడానికి పెద్దగా లేదు.
ఆలస్యంగా లేచి తలంటుకున్నాను.
బజార్లో టమాటాల్లా ఉబ్బిన ఎర్ర మిరపకాయలు చూసి
గుప్పెడు కొన్నాను, ఏం వండాలో తెలియకుండానే.
"కారముండది, రంగుకు" అన్నాడు అమ్మేవాడు,
నేను భయపడ్డాననుకుని.
భద్రకాళి చెరువు కట్ట మీద ఒక్కదాన్నే నడిచి
పేరు తెలియని పిట్టని చాలాసేపు చూశాను.
అదీ నన్ను పేరడగలేదు.
కాజీపేట వైపు రైలు కూత వినిపించినప్పుడు
అది మా ఊరు పోయేదేనా అని
ఈసారి టైము చూసుకోలేదు.

రాత్రి కింది వాటా యాకమ్మ పిలిచి
సర్వపిండి పెట్టింది, గిన్నె అంచు గీరి తీసి, పొగలు కక్కుతుంటే.
నువ్వులు, పల్లీలు, అడుగున ఎర్రటి పెచ్చు,
నూనె దిగడానికి వేళ్లతో పొడిచిన చిల్లులు.
ఒకటి తిన్నాను. ఒకటి కట్టిమ్మన్నాను.
"ఎవలికి బిడ్డా?"
"రేపు మధ్యాహ్నం ఇంకో పేపరుంది,
సగం రోజు సెలవు పెట్టాను."
ఎవరి పేపరని ఆమె అడగలేదు,
ఇంకొకటి కూడా చుట్టింది.

మెట్లెక్కుతూ పొట్లం విప్పి
ఒక చిల్లులో నా వేలు పెట్టి చూశాను.
యాకమ్మ వేలు నాకంటే లావు.